పన్నెండో పేజీ

జాకెట్టు రేపటికి అవ్వదు తల్లీ.
ముక్క అక్కడ పెట్టి ఇలా కూర్చో.
గుణుపురంలో వాన మొదలైతే
వంశధార వంతెన కూడా గొడుగు అడుగుతుంది.
చదువుతావా? అయితే ఆ బీరువా తలుపు లాగు,
కాస్త పైకెత్తి లాగాలి.

ఎడమ పక్క లైనింగ్ గుడ్డలు,
కుడి పక్క పోస్టమ్మ కేసులు.
మొత్తం పద్నాలుగు. ఇప్పుడు పదమూడు.
తొమ్మిదోది పట్టుకెళ్ళిన స్టేషన్ మాస్టరు
రాయగడ బదిలీ అయిపోయాడు.
ఆ ఒక్క కేసూ ఇంకా తేలలేదు.

ఒకటో నంబరుతో మొదలెట్టకు.
అప్పటికి రాసినాయనకే ఆవిడ సరిగ్గా పరిచయం కాలేదు,
చేతిలో తుపాకీ పెట్టాడు పాపం.
మూడుతో మొదలెట్టు.
రిటైరైన సార్టింగు గుమస్తా, కళ్ళజోడుకి దారం,
కవరు అరచేతిలో తూచి
లోపల అబద్ధం ఎన్ని గ్రాములుందో చెప్తుంది.
హత్య ఉంటుంది, ఎందుకుండదు,
కానీ నెత్తురు గుమ్మం దాటి లోపలికి రాదు.
పోలీసులొచ్చేలోపు
కందిపచ్చడి నూరడం అయిపోతుంది.

ఆరోది ఖాళీ కడుపుతో చదవకు.
విషం కలిసేది మెంతికూర పులుసులో.
తెలిసి తెలిసి మా ఆవిడ ఆ రాత్రి అదే వండింది.
తెలిసి తెలిసి నేను రెండుసార్లు వేసుకున్నాను.
పదకొండు వదిలెయ్.
అందులో ఆవిణ్ణి పట్నం పంపేశారు,
అక్కడ ఎవరి చేతిరాతా ఆవిడకి తెలీదు.

ఇంకోమాట. పన్నెండో పేజీ దగ్గర జాగ్రత్త.
ప్రతి పుస్తకంలో ఆ పేజీ అంచున
హంతకుడి పేరు ఎవరో పెన్సిలుతో రాసేస్తున్నారని
నిరుడు చలికాలం పెద్ద గొడవ.
జీడిపిక్కల తవిటయ్య డిపాజిట్ వెనక్కిమ్మన్నాడు.
హోమియో డాక్టరుగారికి నా మీదే అనుమానం.
నేను రబ్బరుతో చెరిపేవాణ్ణి,
వారం తిరక్కుండా పేరు మళ్ళీ వచ్చేది.

ఆఖరికి నేనూ పోస్టమ్మలాగే
మిషను దీపం కింద ఆ అక్షరాల్ని తూచాను.
తెలుగే. కానీ తలకట్టు ఉండాల్సిన చోట
గుండ్రంగా ఒక గొడుగు.
ఒడియా బళ్ళో దిద్దిన చెయ్యి
తెలుగు రాసినా అక్షరాన్ని తడవనివ్వదు.
కాయితం వాసన చూశాను. స్పిరిటు.

పెద్దాసుపత్రి, రాత్రి డ్యూటీ, సుకాంతి సబర.
నాలుగు కొండల అవతల ఊరు.
ఇంట్లో సవర, బళ్ళో ఒడియా,
తెలుగు మాత్రం బస్సు బోర్డుల మీద నేర్చుకుంది.
యూనిఫారం కొలతలకొచ్చినప్పుడు
టేపు మెళ్ళో వేసుకుని మెల్లిగా అడిగాను.
దాచలేదు.
"చివరి పేజీ ముందే చదివేస్తాను అన్నా.
ఎవరు పోతారో, ఎవరు చేశారో తెలిసిపోతే
తక్కినదంతా నిమ్మళం.
ఆవిడ కాఫీ, ఆవిడ పిల్లి, ఆ కిటికీ.
వార్డులో ఏ మంచం దగ్గరా
చివరి పేజీ ముందు తిప్పనివ్వరు కదా.
మీకూ భయమేస్తుందేమోనని రాశాను."

నడుం కొలత రెండుసార్లు తప్పు రాసుకున్నాను.

తర్వాత రబ్బరు ముట్టలేదు.
మిగిలిన లైనింగ్ ముక్కలు కత్తిరించి
ప్రతి పన్నెండో పేజీకి
ఒక చిన్న తెర కుట్టాను, పై అంచు మాత్రమే.
కావలసినవాళ్ళు ఎత్తి చూసుకుంటారు.
తవిటయ్య ఎత్తడు.
డాక్టరుగారు ఎత్తనంటాడు,
అటు తిరిగి ఎత్తడం నేను అద్దంలో చూశాను.

వాన తగ్గినట్టుంది.
మూడోదానికి ప్లాస్టిక్ కవరు చుట్టు,
రోజుకి రెండ్రూపాయలు,
ఆసుపత్రిలో మీవాళ్ళెవరైనా ఉంటే అదీ వద్దు.
తొమ్మిదోది నేనింకా చదవనేలేదు తల్లీ.
హంతకుడెవరో ఆ అమ్మాయికి తెలుసు.
వారానికోసారి ఈ బల్ల మీదే కూర్చుంటుంది.
అడగను.